గోడకు వేలాడే భద్రత: హైదరాబాద్ వాణిజ్య భవనాల్లో అగ్నిమాపక సిలిండర్ల తనిఖీ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నగరాల్లోని దుకాణాలు, గోదాములు, కార్యాలయాల గోడలకు ఎర్రటి అగ్నిమాపక సిలిండర్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటి మెడలో తనిఖీ తేదీ రాసిన చీటీ కూడా ఉంటుంది. ఆ చీటీ పరికరం ఉనికికి సాక్ష్యమే కాని, దాని సంసిద్ధతకు సాక్ష్యం కాదు. ఈ రెండింటి మధ్య అంతరం ఎక్కడ ఏర్పడుతున్నదో, దానిని తగ్గించే మార్గాలేమిటో హైదరాబాద్ నగరాన్ని ఆధారంగా చేసుకొని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: అగ్నిమాపక సిలిండర్, తనిఖీ, నిరభ్యంతర పత్రం, ఐ.ఎస్. 2190, వాణిజ్య భవనాలు, హైదరాబాద్.

1. ఉపోద్ఘాతం:

గత కొన్నేళ్ళలో హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలు వరుస అగ్నిప్రమాదాలను చూశాయి. 2022 మార్చి 23న బోయిగూడలోని తుక్కు గోదాములో మంటలు చెలరేగి, పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కార్మికులు మరణించారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని విద్యుత్ ద్విచక్ర వాహనాల షోరూమ్‌లో పుట్టిన పొగ పైనున్న హోటల్ గదులకు వ్యాపించి 8 మందిని బలిగొన్నది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువ ఉద్యోగులు, 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఈ సంఘటనల్లో సిలిండర్ ఒక్కటే అందరినీ కాపాడేదని చెప్పడం సమంజసం కాదు. పొగ మెట్లదారిని ఆక్రమించిన తరువాత ఆ పరికరం నిరుపయోగం. దాని కాలం మొదటి కొద్ది నిమిషాలే. అందుకే ఆ కొద్ది నిమిషాల్లో అది తప్పక పనిచేయాలి. తనిఖీ అనే ప్రక్రియకు ఉన్న ఏకైక ప్రయోజనం ఇదే.

2. చట్టం - దాని పరిధి:

ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టమే నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ మూలం. దీని ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ నుండి నిరభ్యంతర పత్రం పొందాలి. పాఠశాలలు, సినిమాహాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు వంటి జనసమ్మర్ద ప్రదేశాలకు 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు హద్దు. భవనంలో ఏయే ఏర్పాట్లుండాలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగవ భాగం చెబుతుంది. సిలిండర్ల ఎంపిక, అమరిక, నిర్వహణలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2190, తయారీకి ఐ.ఎస్. 15683 ఆధారాలు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. నిరభ్యంతర పత్రానికి ప్రధానమైన కొలమానం ఎత్తు. కాని ప్రమాద తీవ్రతను నిర్ణయించేది లోపల నిల్వ ఉన్న సరుకు, నిద్రించే మనుషులు, బయటపడే దారి. బోయిగూడ గోదాము గాని, గుల్జార్ హౌజ్ భవనం గాని ఎత్తైన కట్టడాలు కావు. ఇటువంటి చోట్ల సిలిండర్ ఉన్నదా, పనిచేస్తున్నదా అన్న ప్రశ్న ఆచరణలో యజమాని మనస్సాక్షికి, కాంట్రాక్టరు చీటీకి మిగిలిపోతున్నది.

3. మంటను బట్టి మందు:

సిలిండర్ ఉండటమే చాలదు. అక్కడ పుట్టగల మంటకు అది తగినదై ఉండాలి. కట్టె, కాగితం, బట్ట వంటి ఘనపదార్థాల మంటలు 'ఎ' తరగతి, పెట్రోలు, రంగులు వంటి ద్రవాలవి 'బి', వాయువులవి 'సి', సోడియం, మెగ్నీషియం వంటి లోహాలవి 'డి', వంటనూనెలవి 'ఎఫ్'. మొదటి మూడింటికీ పనికివచ్చే ఏ.బి.సి. పొడి సిలిండర్ అన్ని దుకాణాల్లోనూ కనిపించడానికి కారణం దాని బహుముఖ ప్రయోజనమే. అయితే దానికీ హద్దులున్నాయి. సలసల కాగే నూనెకు ప్రత్యేకమైన తడి రసాయన సిలిండర్ కావాలి. ఆ నూనెపై నీరు పోస్తే అది ఒక్కసారిగా ఆవిరై మంటను ఎగజిమ్ముతుంది. లిథియం బ్యాటరీ అంటుకున్నప్పుడు పొడి పైమంటను అణచినా, లోపలి ఉష్ణ చర్యను చల్లార్చలేదు. మంట మళ్ళీ రేగుతుంది. బ్యాటరీ వాహనాలను సెల్లార్‌లో ఛార్జింగ్‌కు పెట్టి, గోడకు ఒక పొడి సిలిండర్ తగిలించడం వల్ల నిబంధన తీరవచ్చునేమో గాని ప్రమాదం తీరదు.

కళాశాలలకూ ఇది వర్తిస్తుంది. సోడియం లోహం నిల్వ ఉండే రసాయన ప్రయోగశాలలో నీటి సిలిండర్ అపాయకరం. కంప్యూటర్ ల్యాబ్‌కు అవశేషం మిగల్చని కార్బన్ డయాక్సైడ్ అనుకూలం. అదే వాయువు గ్రంథాలయంలో కాగితపు కట్టల లోపల రాజుకున్న నిప్పును చల్లార్చలేదు.

4. చీటీ చెప్పేది - చెప్పనిది:

ఒత్తిడితో నింపిన సిలిండర్ పైన గేజ్ ఉంటుంది. దాని ముల్లు ఆకుపచ్చ గీతలో ఉంటే లోపల ఒత్తిడి ఉన్నదని అర్థం. అంతకుమించి అది ఏమీ చెప్పదు. తేమ చేరి పొడి గడ్డకట్టినదా, గొట్టం పగిలినదా, నాజిల్‌లో పురుగులు గూడు కట్టాయా అన్నది ముల్లుకు తెలియదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజ్ కూడా ఉండదు; తూకం వేయడమే మార్గం. నిండు బరువును సిలిండర్‌పై గుర్తించిన వివరాలతో పోల్చి, వాయువు పదోవంతుకు మించి తగ్గితే తిరిగి నింపించాలి. తూకపు యంత్రం లేకుండా వచ్చిన తనిఖీదారు ఆ సిలిండర్‌ను నిజంగా తనిఖీ చేశాడని ఎలా నమ్మగలం?

సిలిండర్ దేహం పీడనాన్ని తట్టుకోగలదో లేదో తేల్చేది నీటి పీడన పరీక్ష. సాధారణంగా నీరు, నురుగు, పొడి రకాలకు మూడేళ్ళకొకసారి, కార్బన్ డయాక్సైడ్ రకానికి ఐదేళ్ళకొకసారి ఇది జరగాలి. ఏటా మారే చీటీపై సాధారణంగా కనిపించేది రీఫిల్లింగ్ తేదీ, గడువు తేదీ మాత్రమే. పీడన పరీక్ష తేదీని అడిగే యజమానులు అరుదు.

దీని వెనుక నిర్మాణపరమైన లోపం ఒకటి ఉన్నది. చాలా సందర్భాల్లో సిలిండర్‌ను అమ్మినవారే దానిని నింపుతారు, వారే తనిఖీ చేస్తారు, వారే చీటీపై సంతకం చేస్తారు. తన పనిని తానే ధ్రువీకరించుకునే ఈ పద్ధతిలో నిజాయితీపరుడైన కాంట్రాక్టరుకు, చీటీ మాత్రమే మార్చే కాంట్రాక్టరుకు మధ్య తేడా కాగితంపై కనిపించదు. ధరలో మాత్రం కనిపిస్తుంది. తక్కువ ధరకే ఒప్పందం దక్కుతున్నంత కాలం నష్టపోయేది మొదటివాడే.

5. ఆచరణీయ సూచనలు:

అ) ప్రతి సిలిండర్‌కు క్రమసంఖ్య వేసి రిజిస్టరులో నమోదు చేయాలి. రీఫిల్లింగ్‌కు వెళ్ళిన సిలిండరే తిరిగి వచ్చినదని దీనివల్ల తెలుస్తుంది. ఆ వ్యవధిలో ప్రత్యామ్నాయ సిలిండర్‌ను ఒప్పందంలోనే కోరాలి.

ఆ) నెలకొకసారి సంస్థ సిబ్బందే పరిశీలించాలి: సిలిండర్ తన స్థానంలో ఉన్నదా, ముందు అట్టపెట్టెలు అడ్డున్నాయా, పిన్నుకు సీలు ఉన్నదా, ముల్లు ఎక్కడున్నది, తుప్పు పట్టినదా? ఎవరూ 15 మీటర్లకు మించి నడవకుండా దానిని అందుకోగలగాలి.

ఇ) గడువు తీరి ఖాళీ చేయవలసిన సిలిండర్లను సిబ్బంది చేతనే ఆరుబయట వాడించాలి. పిన్ను లాగడం, నాజిల్‌ను మంట మొదలుకు గురిపెట్టడం, పిడి నొక్కడం, అటూ ఇటూ ఊపడం అనే నాలుగు చర్యలు చేతికి అలవడతాయి. ఆరు కిలోల పొడి అర నిమిషంలోపే అయిపోతుందన్న సత్యం అనుభవంలోకి వస్తుంది. గడ్డకట్టిన పొడి ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది. ఒకే ఖర్చుతో శిక్షణ, పరీక్ష రెండూ జరుగుతాయి.

ఈ) నింపినవారు, ధ్రువీకరించేవారు వేరువేరుగా ఉండాలి. చిన్న దుకాణాలు ఒక్కొక్కటిగా ఈ ఖర్చు భరించలేకపోతే, కాంప్లెక్స్ లేదా బజారు సంఘం ఉమ్మడిగా భరించవచ్చు.

6. ముగింపు:

తనిఖీని తేదీలకు సంబంధించిన విషయంగా చూసినంత కాలం చీటీలు మారుతుంటాయి, సిలిండర్లు అలాగే ఉంటాయి. బోయిగూడ గోదాములో ఉన్న 12 మందిలో బయటపడినది ఒక్కరే. గోదాముల్లో పనిచేసి అక్కడే నిద్రించేవారికి రిజిస్టరును అడిగే అధికారం లేదు. చీటీపై సంతకం ఎవరిదో వారికి తెలియదు. కనుక ఆ ప్రశ్న అడగవలసిన బాధ్యత యజమానిది, అనుమతులిచ్చే వ్యవస్థది. ఎత్తుతో పాటు నిల్వ సరుకును, రాత్రివేళ ఉండే మనుషుల సంఖ్యను కొలమానంగా తీసుకొన్ననాడు చట్టం ఈ చిన్న భవనాల గడప కూడా తొక్కగలుగుతుంది. అంతవరకు గోడమీది సిలిండర్ భద్రతకు గుర్తు మాత్రమే, భద్రత కాదు.