క్రెడిట్లు రాని క్లబ్బు

హామిల్టన్‌లో ఏ తెలుగువాళ్ళ పాట్‌లక్‌లోనైనా సరే, "మా అమ్మాయి స్నేహితులతో కలిసి స్కూల్లో సామాజిక న్యాయం క్లబ్బు నడుపుతోంది" అని చెప్తే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. "దానికి క్రెడిట్లు వస్తాయా?" ఎన్‌సీఈఏ అని ఇక్కడ హైస్కూల్ పరీక్షల పద్ధతి ఒకటుందిలెండి, అందులో క్రెడిట్లు కూడబెట్టాలి. ఈ క్లబ్బుకి రావు. అడిగినాయన మొహంలో జాలి కనిపిస్తుంది, ఆ తర్వాత మాట బిర్యానీ మీదకి మళ్ళుతుంది.

మనకి స్కూల్లో చర్చ అంటే వక్తృత్వ పోటీ. కత్తి గొప్పదా, కలం గొప్పదా? పల్లె మేలా, పట్నం మేలా? ఎటువైపు మాట్లాడాలో మాస్టారే చెప్పేవారు. రాసుకున్నది బట్టీపట్టి, "సభకు నమస్కారం" దగ్గర మొదలుపెట్టి గంట కొట్టేదాకా అప్పజెప్పేవాళ్ళం. ఒక స్టీలు గిన్నె ప్రైజొచ్చేది. కలమే గొప్పదని నేను ఎన్నిసార్లు నిరూపించానో లెక్కలేదు. దానివల్ల నాకు గొంతు పెగిలింది, అంతవరకు మేలే. కానీ మా ఊళ్ళో ఎవరికి ఏం జరుగుతోందో ఆ పోటీల్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

వీళ్ళ క్లబ్బు బుధవారం లంచ్ టైములో, నలభై నిమిషాలు. టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. వెనక బెంచీలో ఒక టీచరు పేపర్లు దిద్దుకుంటూ ఉంటారు, అడిగితే తప్ప మాట్లాడరు. మొదట్లో పర్యావరణం, యుద్ధాలు, ప్రపంచ పేదరికం, ఇలా పెద్దపెద్దవి పెట్టారు. మూడో వారానికి అయిదుగురు మిగిలారు. ప్రపంచం మొత్తం గురించి మాట్లాడితే అందరూ ఒకటే మాట అంటారు, ఇంక చర్చేముంది? తర్వాత ఒకబ్బాయి స్కూలు బ్లేజరు ధర ఎత్తాడు. కొనలేనివాళ్ళు ఏం చేస్తున్నారు, పాతవి ఎక్కడ దొరుకుతాయి అని. ఆ వారం కుర్చీలు చాలలేదట.

ఈ సంగతి ఇక్కడివాళ్ళకి కొత్తేం కాదు. మా ఊరికి దక్షిణంగా, కారులో గంటలోపు దూరంలో ఓటోరొహాంగా అని చిన్న ఊరుంది. 2014లో ఆ ఊరి కాలేజీ పిల్లల్ని (ఇక్కడ కాలేజీ అన్నా హైస్కూలే) దగ్గర్లోని ఓరాకౌ, రంగియావోఫియా అనే రెండు చోట్లకి తీసుకెళ్ళారు. మావోరీ పెద్దలు అక్కడ జరిగింది చెప్పారు. 1863 జులైలో బ్రిటిష్ సైన్యం వైకాటో మీదకి వచ్చింది. రంగియావోఫియా అప్పుడు గోధుమ పొలాలు, పళ్ళతోటలు ఉన్న పచ్చటి ఊరు. 1864 ఫిబ్రవరి 21 తెల్లవారుజామున సైన్యం దానిమీద పడింది. ఒక ఇల్లు తగలబడింది, లోపలివాళ్ళు చచ్చిపోయారు. నెలన్నర తిరక్కుండానే ఓరాకౌలో దాదాపు మూడొందలమంది, ఆడవాళ్ళు, పిల్లలతో సహా, తమకంటే ఎన్నోరెట్లున్న సైన్యానికి మూడురోజులు ఎదురు నిలిచారు. యుద్ధం అయ్యాక వైకాటోలో పన్నెండు లక్షల ఎకరాలు జప్తు చేశారు. ఇప్పుడు ఆ నేలలో ఎక్కువ భాగం పాడి ఆవులు మేసే పచ్చిక. వారాంతంలో మనవాళ్ళు ఫొటోలు దిగే పచ్చిక అదే.

బస్సెక్కి తిరిగొస్తున్న పిల్లల ప్రశ్న చాలా మామూలుది. ఇది మన ఇంటిపక్కనే జరిగితే మన పాఠంలో ఎందుకు లేదు? లేయా బెల్, వైమారమా ఆండర్సన్ అనే ఇద్దరమ్మాయిలు ముందుండి సంతకాలు మొదలుపెట్టారు. ఈ యుద్ధాలని స్మరించుకునే రోజు ఒకటి కావాలి, ఈ చరిత్ర బళ్ళలో చెప్పాలి అని. పన్నెండువేలకు పైగా సంతకాలతో 2015 డిసెంబరులో పార్లమెంటు మెట్ల దగ్గరికి వెళ్ళారు. మరుసటేడే ప్రభుత్వం స్మారక దినానికి ఒప్పుకుంది. ఇప్పుడది అక్టోబరు 28. పాఠం విషయం ఇంకా సాగింది. చరిత్ర టీచర్లు కూడా గట్టిగా అడిగారు, 2019లో ప్రధాని ప్రకటించారు, 2023 నుంచి ఈ దేశపు చరిత్ర బళ్ళన్నిటిలో తప్పనిసరి అయింది. అంటే అడిగిన పిల్లలు బడి దాటిపోయాక వచ్చిన పాఠం అది. మా అమ్మాయి చదువుతున్నది ఆ పాఠమే. దీనికీ ఎవరికీ క్రెడిట్లు వచ్చి ఉండవు.

అన్నట్టు హామిల్టన్ అన్న పేరే ఆ యుద్ధంలో చచ్చిపోయిన ఒక నౌకాదళ కెప్టెన్‌ది. ఆయన పోయింది ఇక్కడ కాదు, టౌరంగా దగ్గర గేట్ పా యుద్ధంలో, 1864 ఏప్రిల్‌లో. ఊరి అసలు పేరు కిరికిరిరోఆ. నడిబొడ్డున ఉన్న ఆయన విగ్రహాన్ని 2020 జూన్‌లో సిటీ కౌన్సిల్ క్రేన్ పెట్టి తీసేసింది. అదే ఏడాది బడిపిల్లలకి శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం దేశంలో మొదట మొదలైంది కూడా మా వైకాటోలోనే, పదిహేను బళ్ళలో. మన పెరళ్ళలో గుసగుసగా చెప్పుకునే విషయం మీద ఇక్కడ పదమూడేళ్ళ పిల్లలు అబ్బాయిల ముందే మాట్లాడతారు. మొదటిసారి విన్నప్పుడు నేను ఫోన్లోకి చూస్తూ కూర్చున్నాను.

ఇంతవరకూ మనవాళ్ళకి పెద్ద అభ్యంతరం లేదు. మావోరీల భూమి గురించి మన పిల్లలు మాట్లాడితే ముచ్చటే. గొడవంతా పోయిన నెలలో మొదలైంది. క్లబ్బులో ఒకమ్మాయి మావాళ్ళమ్మాయిని అడిగింది, "మీ దేశంలో కులం అంటారు కదా, అదేంటి? నీదేంటి?" అని. చెప్పడానికి టైము కావాలంది మా అమ్మాయి. వచ్చే బుధవారానికి ఒప్పుకుంది.

పాట్‌లక్‌లో రెండు పక్షాలయ్యాయి. "అవన్నీ ఇక్కడ తవ్వుకోవడం ఎందుకు, మన పరువు మనమే తీసుకోవడం" అని ఒకాయన. "ఇప్పుడెక్కడున్నాయండీ కులాలు" అని ఇంకొకరు. ఈ రెండోమాట అన్నవాళ్ళని వాళ్ళబ్బాయికి సంబంధం ఎక్కడ చూస్తున్నారో అడగబుద్ధయింది, అడగలేదు, ఆతిథ్యం వాళ్ళది. నామటుకు నాకు మొదటాయన వాదన మరీ విచిత్రంగా అనిపిస్తుంది. ఓటోరొహాంగాలో సంతకాలు పెట్టినవాళ్ళలో ఆ జప్తు నేలమీద బతుకుతున్న తెల్లవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకీ పరువుంది కదా.

రంగియావోఫియా తేదీతో సహా తెలిసిన పిల్లకి కారంచేడు పేరు తెలియదు. నూటఅరవై ఏళ్ళనాటిది తెలుసు, నేను పుట్టడానికి ఏడాది ముందు, 1985 జులై 17న, మా అమ్మ పుట్టింటికి కూతవేటు దూరంలో జరిగింది తెలియదు. అందుకని వాళ్ళ నానమ్మకి వీడియో కాల్ చేసింది. మా అమ్మ ముందు "అవన్నీ నీకెందుకే తల్లీ, చదువుకో" అంది. మళ్ళీ అడిగితే చెప్పింది. చెరువు దగ్గర, తాగేనీళ్ళు పాడుచేయొద్దన్న మాట దగ్గర మొదలైందనీ, ఆరుగురిని చంపారనీ, మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చీరాలకొచ్చి శిబిరంలో ఉన్నారనీ. "మేము అటువైపు వెళ్ళలేదు. మీ ముత్తాత వెళ్ళనివ్వలేదు" అంది. ఎందుకని అడిగింది మా అమ్మాయి. సిగ్నల్ సరిగ్గా లేదంది మా అమ్మ. ఇటువైపు బొమ్మ స్పష్టంగానే ఉంది.

పిల్ల ఆ మాట కూడా రాసుకుంది. దళిత మహాసభ ఆ తర్వాతే పుట్టిందనీ, 1989 అట్రాసిటీల చట్టం గురించీ, అంతకు చాలాముందు హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ బళ్ళు పెట్టిన సంగతీ నేను చెప్పాను. "నీదేంటి" అన్నదానికి ఏం చెప్తావని అడిగాను. ఉన్నది ఉన్నట్టు చెప్తానంది, నానమ్మ వాళ్ళు ఏవైపు ఉండిపోయారో కూడా.

నలభై నిమిషాల్లో సగం ప్రశ్నలకే వదలమన్నాను. పదిహేను చాలు అంటోంది. ఇంకా తేలలేదు.