ముందు ప్రశ్న తేల్చుకో!

మొన్న వేసవిలో మా అక్క కూతురు ఓ కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికొచ్చింది. "పిన్నీ, నువ్వు కథలు రాస్తావుగా, ఇదొక్కసారి చూడవూ" అంది. ఎం.టెక్. పూర్తిచేసింది. వైద్యంలో కృత్రిమ మేధ మీద పిహెచ్.డి. చెయ్యాలని దాని పట్టుదల. కిందటేడు రాసిన పరిశోధన ప్రతిపాదన ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లకుండానే తిరిగొచ్చింది. ఈసారీ రాకపోతే పెళ్లి సంబంధాలు చూస్తామని మా బావగారు ఖరారుగా చెప్పేశారట.

నేను బి.ఏ. చదివినదాన్ని. కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసు? అయినా కూర్చుని చదివాను. పన్నెండు పేజీలు. మొదటి నాలుగు పేజీల నిండా కృత్రిమ మేధ ప్రపంచాన్ని ఎలా మార్చేస్తోందో వర్ణనే! అయిదో పేజీలో మాత్రం "మధుమేహం వల్ల వచ్చే కంటి జబ్బులన్నిటినీ కనిపెట్టే ప్రోగ్రాం తయారుచేస్తాను" అని ఉంది.

"అంతా బానే ఉందిగానీ, ఇంతకీ నువ్వడిగే ప్రశ్న ఏమిటే?" అన్నాను. తెల్లమొహం వేసింది.

అప్పుడు మా అమ్మ వరండాలో కూర్చుని, చేత్తో తడుముకుంటూ గోరుచిక్కుళ్లు తుంచుతోంది. అమ్మకి పద్దెనిమిదేళ్లుగా షుగరు. రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటున్నా నొప్పి తెలీదు, మొదట్లో చూపూ తగ్గదు. అందుకే ఎవరం పట్టించుకోలేదు. తెలిసేసరికి ఎడమ కన్ను పోయింది, కుడి కన్ను మసకబారింది. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించి ఉంటే అని ఇప్పుడు అనుకుని ఏం లాభం?

కంటి లోపలి ఫోటో చూసి ఈ జబ్బు కనిపెట్టే ప్రోగ్రాములు ఇదివరకే వచ్చాయి. 2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 ఫోటోలతో నేర్పించి, కంటి డాక్టర్లకు దీటుగా చెప్పించారు. ఆ ఫోటోల్లో మన దేశపు ఆస్పత్రులవీ ఉన్నాయి. "మరి నువ్వు కొత్తగా చేసేదేముంది?" అన్నాను.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. థాయిలాండు క్లినిక్కుల్లో ఆ ప్రోగ్రాముని వాడి చూశారట. 2020లో వచ్చిన ఆ పరిశీలన ప్రకారం, గదిలో వెలుతురు సరిగా లేకపోవడం లాంటి కారణాలతో అయిదో వంతుకు పైగా ఫోటోలను ఆ ప్రోగ్రామే పనికిరావని తిప్పికొట్టింది!

"అదిగో, నీ ప్రశ్న అక్కడుంది" అన్నాను.

రెండు రోజులు కూర్చుని తిరగరాసింది. మొదటి పేరాలోనే ప్రశ్న: చిన్న ఆస్పత్రిలో తీసిన మసక ఫోటో చూసి, ప్రోగ్రాం ఎప్పుడు జవాబు చెప్పాలి? ఎప్పుడు "నాకు తెలీదు, డాక్టరుకి చూపించండి" అనాలి?

ఫోటోలెక్కడివన్నది తర్వాతి మాట. నాందేడ్‌లోని ఓ కంటి క్లినిక్ ఫోటోలు 516, పరిశోధకులందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటితో మొదలుపెడుతుంది. ఒకే మనిషి కుడి కన్ను ఫోటోతో నేర్పించి, ఎడమ కన్ను ఫోటోతో పరీక్ష పెట్టకూడదట. ట్యూషన్లో చేయించిన లెక్కే పరీక్షలో ఇచ్చినట్టవుతుందిగా!

మార్కులు వేసే పద్ధతి కూడా ముందే రాయాలి. వందమందిలో అయిదుగురికి జబ్బుందనుకోండి. "అందరూ బాగున్నారు" అనే ప్రోగ్రాముకి నూటికి 95 వస్తాయి. కానీ ఆ అయిదుగురిలో మా అమ్మ ఉంటే? అందుకే జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టుకుంది, లేనివాళ్లలో ఎందరిని భయపెట్టింది అని విడివిడిగా లెక్క చూపించమన్నాను. "దాన్నే మేం సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ అంటాం పిన్నీ" అని నవ్వింది.

కొత్తగా రోగుల ఫోటోలు తీయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి తప్పవు. వైద్యంలో కృత్రిమ మేధ వాడకం మీద భారత వైద్య పరిశోధన మండలి 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. అనుమతి ఆలస్యమైతే ఉన్న ఫోటోలతోనే ఏం చేస్తుందో కూడా రాసింది. ఏ ఏడాది ఏ పని, సలహాకి ఏ కంటి డాక్టరు అన్నవీ చేరాయి. పన్నెండు పేజీలు అయిదయ్యాయి.

కిందటి వారం ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సీటు వస్తుందో రాదో ఇంకా తెలీదు. బావగారు మాత్రం సంబంధాల మాట ఆపారు.

ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే ఈ నెలలోనే రెటీనా పరీక్ష చేయించండి. యంత్రాలు వచ్చేదాకా ఆగకండి.

వెళ్లేముందు మనవరాలు అమ్మమ్మకి తన పరిశోధన గురించి వివరించింది. అంతా విని అమ్మ అంది కదా, "తెలీనప్పుడు తెలీదని చెప్పడం యంత్రానికి నేర్పుతావుటే? మీ తాతయ్యకి నేను నలభై ఏళ్లయినా నేర్పలేకపోయాను!"