పప్పు మిల్లులో వృథా: లాభం జారిపోయేది ఎక్కడ?

(మా వాణిజ్య విలేకరి)

మర్పల్లి: కందుల ధర మిల్లుదారు చేతిలో లేదు. పంట బాగుంటే ఒక ధర, వాన దెబ్బ తీస్తే మరొక ధర. 2021 మే నెలలో కేంద్రం కందుల దిగుమతిపై ఆంక్షలు తొలగించిన తర్వాత మయన్మార్, మొజాంబిక్ సరుకు కూడా ఇక్కడి ధరపై ప్రభావం చూపుతున్నది. పప్పు ధర సైతం పెద్ద నగరాల గిరాకీని బట్టి పలుకుతుంది. కొనుగోలు ధరకు, అమ్మకం ధరకు నడుమ మిల్లుదారు అదుపులో ఉన్నది ఒక్కటే, మిల్లు లోపలి ఖర్చు. ఆ ఖర్చును తగ్గించే మార్గంగా ‘లీన్’ పద్ధతి పేరు వర్తక వర్గాలలో వినవస్తున్నది.

ఈ పద్ధతికి మూలం జపాన్‌లోని టొయోటా మోటారు కర్మాగారం. అక్కడి ఇంజనీరు టాయీచి ఓనో ఏడు రకాల వృథాలను గుర్తించాడు. అవి అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, అనవసర రవాణా, అక్కరలేని ప్రక్రియ, అధిక నిల్వ, వృథా కదలిక, లోపభూయిష్టమైన సరుకు. ‘లీన్’ అన్న పేరు మాత్రం 1988లో ఒక అమెరికన్ పరిశోధకుడు పెట్టినది. కార్లకు పుట్టిన పద్ధతి కందులకు పనికివస్తుందా అన్నది ప్రశ్న.

వికారాబాద్ నుంచి బీదర్ వైపు పోయే రైలు మార్గంలో ఉన్న మర్పల్లికి గాని, పప్పు మిల్లులకు పేరుపడిన తాండూరుకు గాని ఈ ప్రశ్న దూరమైనది కాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. సరిహద్దు ఆవల గుల్బర్గా కందిపప్పు 2019లోనే ఆ గుర్తింపు పొందింది. పోటీ పక్కనే ఉన్నది.

కంది గింజలో పొట్టు సుమారు 12 నుంచి 15 శాతం. ఆ లెక్కన క్వింటాలుకు 85 కిలోల వరకు పప్పు రావాలి. సాధారణ మిల్లులో 70, 75 కిలోలకు మించి రావడం కష్టం. తేడా అంతా నూకగా, పొడిగా మారి పశువుల దాణా కింద తక్కువ ధరకు పోతున్నది.

దీనికి కారణాలు మిల్లుదారులకు తెలియనివి కావు. లావు గింజ, సన్న గింజ కలిపి ఒకే రోలరులో పోస్తే లావు గింజ నలుగుతుంది, సన్న గింజ పొట్టుతోనే బయటపడుతుంది. దానిని మళ్ళీ రోలరుకు ఎత్తుతారు. ఎత్తిన ప్రతిసారీ పప్పు అంచు అరిగి పొడి రాలుతుంది. ‘అక్కరలేని ప్రక్రియ’ అంటే సరిగా ఇదే. ముందే జల్లెడతో సైజుల వారీగా వేరు చేసి, ఆయా సైజుకు రోలరు సందు సరిచేస్తే ఎత్తడం తగ్గుతుంది.

ఇందులో ఎంత డబ్బు ఉన్నదో చూద్దాం. లెక్క ఉదాహరణకు మాత్రమే. రోజుకు 100 క్వింటాళ్లు ఆడించే మిల్లులో పప్పు 72 కిలోల నుంచి 74కు పెరిగిందనుకుందాం. రోజుకు 2 క్వింటాళ్ల పప్పు అదనం. పప్పు క్వింటాలు రూ. 11,000, పొడి రూ. 3,000 అనుకుంటే, లాభం పప్పు పూర్తి ధర కాదు, రెండింటి మధ్య తేడా రూ. 8,000 మాత్రమే. అయినప్పటికీ రోజుకు రూ. 16,000, అంటే క్వింటాలు కందులకు రూ. 160 మిగులుతుంది. కమీషన్ బేరంలో ఒక్క రూపాయికి పట్టుబట్టే వర్తకులకు ఇది చిన్న మొత్తం కాదు.

రెండవది ఎదురుచూపు. నూనె పట్టించిన కందులు ఎండకు రోజుల తరబడి కళ్లంలో ఉంటాయి. మబ్బు పడితే పని ఆగుతుంది. ఎండపై ఆధారపడకుండా వేడి గాలితో గింజను సిద్ధం చేసే విధానాన్ని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ ఎన్నడో రూపొందించింది. ఆరబెట్టు యంత్రానికి పెట్టుబడి, ఇంధనం కావాలి గనుక, మిగిలే రోజులను వడ్డీతో సరిచూసుకొనవలసి ఉన్నది. 2025-26కు కందుల మద్దతు ధర రూ. 8,000. ఆ ధరకు కొన్న 1,000 క్వింటాళ్లు నిలిచిపోతే, 12 శాతం వడ్డీ చొప్పున రోజుకు సుమారు రూ. 2,630 భారం.

అయితే టొయోటా సూత్రాన్ని గుడ్డిగా అనుసరించరాదు. ‘కావలసినప్పుడే సరుకు తెప్పించు’ అన్నది కారు విడిభాగాలకు చెల్లుతుంది. కంది ఏడాదికి ఒకసారి వచ్చే పంట. జనవరి, ఫిబ్రవరి రాబడి సమయంలో కొనుగోలు చేయని మిల్లు తర్వాత ఖరీదు పెట్టి కొనాలి. కనుక కందుల నిల్వ అవసరమైన నిల్వ. ఆడకముందు గిడ్డంగిలో ఉన్నది వ్యాపారం, సగం ఆడి యంత్రాల నడుమ పడి ఉన్నది వృథా. గిడ్డంగిలో సైతం ముందు వచ్చిన బస్తా ముందు కదలాలి. లేకుంటే పుచ్చు తప్పదు.

టొయోటా మగ్గంలో దారం తెగితే యంత్రం దానంతటదే ఆగేది. మిల్లులో అరగంటకొకసారి ఒక గుప్పెడు పప్పు తీసి విరిగినవి, పొట్టు వదలనివి లెక్కించి, హద్దు మించితే రోలరు ఆపి సరిచేయడమే దానికి సమానం. సాయంత్రం నూక రాశి చూసి విచారించడం వల్ల ప్రయోజనం లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకును ఇతర కందులతో కలవకుండా వేరుగా ఆడడం కూడా ఈ క్రమశిక్షణలో భాగమే. కలిస్తే పేరు పోతుంది, పేరుతో వచ్చే ధర కూడా పోతుంది.

హమాలీల విషయం మరువరాదు. బస్తా లెక్కన కూలి పొందేవారికి ఎత్తుడు తగ్గితే రాబడి తగ్గుతుంది. వారికి మిగులులో వాటా గాని, వేరే పని గాని చూపని మిల్లులో మార్పు నిలవదు. అదేవిధంగా శుభ్రపరచడాన్ని వృథాగా భావించి తగ్గిస్తే ఆహార భద్రత నిబంధనలకు చిక్కక తప్పదు.

చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2023 మార్చిలో మార్పులతో లీన్ పథకం ప్రారంభించింది. సలహాదారుల ఫీజులో 90 శాతం ప్రభుత్వం భరించే ఏర్పాటు అందులో చేసింది. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రస్తుత నిబంధనలు విచారించుకోవడం మంచిది.

అంతవరకు ఆగనక్కరలేదు. ప్రతి లాటుకు ఎన్ని కందులు పోశారు, ఎంత పప్పు, ఎంత నూక, ఎంత పొడి వచ్చింది అని ఒక పుస్తకంలో నెల రోజులు రాసుకుంటే చాలు. లాభం ఎక్కడ జారిపోతున్నదో ఆ పుస్తకమే చెబుతుంది.