హోమ్ నుంచి వచ్చే పిల్లవాడు మీ బాబు పక్కనే కూర్చుంటే

"మా బాబు లంచ్ బాక్సులో బిస్కెట్లు రోజూ పోతున్నాయండి. ఎవరు తీస్తున్నారో క్లాసంతటికీ తెలుసు. ఆ అబ్బాయిని వేరే సెక్షన్‌కి మార్చండి." ఒక తల్లి క్లాస్ టీచర్‌కి ఇలా ఫోన్ చేశారనుకోండి. ఆ అబ్బాయి ఉండేది చిల్డ్రన్స్ హోమ్‌లో అనుకోండి. ఆవిడ కోపంలో తప్పేమీ లేదు. మన పిల్లవాడు ఆకలితో ఇంటికొస్తే ఎవరికైనా కోపం వస్తుంది. కాకపోతే సెక్షన్ మార్చినంత మాత్రాన సమస్య తీరదు. బిస్కెట్లు ఆ సెక్షన్‌లోనూ పోతాయి. ఎందుకు పోతున్నాయో తెలిస్తేనే ఆగుతాయి.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. హోమ్‌లో ఉండే పిల్లలు ఏదో తప్పు చేసి అక్కడికి వచ్చారని కొందరు అనుకుంటారు. కాదు. చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లలకు వేరే హోమ్‌లు ఉంటాయి. మనం మాట్లాడుకుంటున్నది 2015 బాల న్యాయ చట్టం కింద "సంరక్షణ అవసరమైన" పిల్లల గురించి. బాలల సంక్షేమ కమిటీ వీళ్ల పరిస్థితి విచారించి హోమ్‌కి పంపుతుంది. వీళ్లంతా అనాథలు కూడా కారు. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. జబ్బు, తాగుడు, ఇంట్లో హింస, బాలకార్మికత్వం, బాల్యవివాహం, ఇలా ఏదో ఒకటి వాళ్లను ఇంటి నుంచి దూరం చేసింది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బడుగు వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో అందులో 5 శాతం అనాథలు, హెచ్ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకు కేటాయించారు. అంటే ఆ పిల్లవాడు ఎవరి దయ వల్లో మన క్లాసులోకి రాలేదు. సీటు అతని హక్కు.

ఇక బిస్కెట్ల సంగతి. తర్వాతి పూట అన్నం దొరుకుతుందో లేదో తెలియని రోజులు గడిపిన పిల్లలు, కడుపు నిండా తింటున్నా తిండి దాచుకుంటారు. దిండు కింద రొట్టె, బ్యాగులో చాక్లెట్. ఇది దొంగబుద్ధి కాదు, పాత భయం. భయంలో పెరిగిన పిల్లల శరీరంలో అలారం ఎప్పుడూ మోగడానికి సిద్ధంగా ఉంటుంది. టీచర్ గొంతు కాస్త పెంచితే చాలు, ఒకడు బల్ల కిందికి దూరతాడు, ఇంకొకడు ఎదురు తిరుగుతాడు, మరొకడు ఏమీ వినపడనట్టు కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాడు. మనకు మొండితనంలా కనిపిస్తుంది.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరంలో ఒక పరిశోధన మొదలైంది. అనాథాశ్రమాల్లోని 136 మంది చిన్నపిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంచి పెంపక కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్లు నిండకముందే ఒక కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు మిగతావాళ్ల కన్నా బాగా కోలుకున్నారు. ఆశ్రమంలో తిండి, బట్ట దొరికినా, తన కోసం ఎప్పుడూ ఉండే ఒక మనిషి దొరకడు. హోమ్‌లో ఆయమ్మ డ్యూటీ మారితే పిల్లవాడి లోకమే మారిపోతుంది. పెద్దయ్యాక ఇక లాభం లేదని దీని అర్థం కాదు. ఏ వయసులోనైనా మాట తప్పని ఒక పెద్దమనిషి తోడుంటే మేలే జరుగుతుంది. స్కూల్లో ఆ మనిషి చాలాసార్లు క్లాస్ టీచరే.

అందుకే ఇలాంటి సందర్భంలో టీచర్ అందరి ముందూ బ్యాగులు వెతకకూడదు. ముందు పిల్లవాణ్ని కుదుటపడనివ్వాలి, తర్వాత దగ్గర కూర్చోవాలి, ఆ తర్వాతే తప్పొప్పుల మాట. ఈ వరస తిరగబడితే ఒక్క మాటా చెవికెక్కదు. "ఆకలేస్తే నా టేబుల్ దగ్గరికి రా, అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది" అని చెప్పి, నిజంగానే రోజూ ఉంచాలి. అలాగని నియమం సడలించనక్కర్లేదు. ఇంకొకరి బాక్సు ముట్టుకోకూడదన్నది అతనికీ వర్తిస్తుంది. మీ బాబు పోగొట్టుకున్నదానికి క్షమాపణ రావాలి, కాకపోతే విడిగా, నిమ్మళంగా. (వంశవృక్షం గీసుకురండి, చిన్నప్పటి ఫోటో తెండి అనే హోంవర్కుల గురించి టీచర్లమూ ఒకసారి ఆలోచించుకోవాలి. "నీకు ఇష్టమైన ముగ్గురు మనుషుల గురించి రాయి" అన్నా పాఠం సాగుతుంది.)

మీ వైపు నుంచి ముఖ్యమైనది ఇంట్లో మాట్లాడే మాట. "వాడికి అమ్మ లేదట, పాపం" అని మీ పాప చెబితే, "అవునా, ఆడుకునేటప్పుడు మీరిద్దరూ ఏం ఆడతారు?" అని అడగండి. జాలి కన్నా ఆట మేలు. అతని కథ అడిగి తెలుసుకోమని పంపకండి, వాట్సాప్ గ్రూపులో అతని గురించి రాయకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద శిక్షార్హం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

మరొకటి చెప్పడం కొంచెం ఇబ్బందే. పిల్లల పుట్టినరోజుకు హోమ్‌కి కేక్ తీసుకెళ్లడం మన ఊళ్లలో అలవాటైంది. ఉద్దేశం మంచిదే. కానీ వరసలో నిలబడి, పేరు తెలియని పిల్లవాడికి హ్యాపీ బర్త్‌డే పాడి, ఫోటో దిగాక మళ్లీ ఆ ముఖం కనిపించదు. వదిలి వెళ్లిపోయినవాళ్ల జాబితాలో ఇంకొకరు చేరతారు. వెళ్లాలనుకుంటే ఫోటో లేకుండా, హోమ్ అనుమతితో, నెలకొకసారైనా సరే చెప్పిన తేదీకే వెళ్లండి. రాలేకపోతే ముందే కబురు పెట్టండి. మీ జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌ని అడిగితే ఇంకా ఏయే దారులున్నాయో చెబుతారు. కొంతకాలం ఒక బిడ్డను మీ ఇంట్లో పెంచే ఫోస్టర్ కేర్ వాటిలో ఒకటి. 18 నిండి హోమ్ విడిచే పిల్లలకు చేయూతనివ్వడం ఇంకొకటి. మన పిల్లలు ఈఏపీసెట్ ర్యాంకు కోసం ఎదురుచూసే వయసులో వాళ్లు అద్దె గది వెతుక్కుంటారు. నిబంధనల ప్రకారం 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు సాయం పొందే వీలుంది. అయినా పక్కన ఒక పెద్దదిక్కు లేకపోతే ఆ కాగితాలు నింపేదెవరు?

ఎవరైనా పిల్లవాడు తనకు జరిగిన హాని గురించి మీతో చెబితే, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. ప్రశ్నలతో గుచ్చకుండా వినండి. చెప్పి మంచి పని చేశావనండి. 1098కి ఫోన్ చేయండి, మాకూ తెలియజేయండి. లైంగిక వేధింపుల సంగతి తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం పోక్సో చట్టం కింద నేరం.

బిస్కెట్లు పోతున్నాయంటే క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి. మీ బాబు బాక్సు సంగతి ఆ వారంలోనే చూస్తాం. సెక్షన్ మాత్రం మార్చం.