ఎన్నికల యంత్రముల ఆలనపాలన



దేవాలయ రథము వీథులలో తిరుగునది సంవత్సరమున కొక్కదినము. తక్కిన దినములన్నియు అది రథశాలయందే యుండును. కాని ఆ యొక్కదినమున ఇరుసు విఱుగకుండ ఉత్సవము సాగవలెనన్న, ఏడాది పొడవునను దానికి చెదలు పట్టకుండ, వాన తగులకుండ ఎవరో యొకరు చూచుచుండవలెను. పెద్ద సంస్థల యంత్రములకును ఇదియే ధర్మము. అవి పనిచేయు కాలము స్వల్పము. వానిని కాపాడవలసిన కాలము దీర్ఘము. ఈ విషయమును, మన మందఱము చేతితో నొక్కి యెఱిగిన యొక యంత్రమును ఉదాహరణముగా గైకొని వివరింపదలచితిని. అది వోటు యంత్రము.

యంత్రమును కొన్నతోడనే పని ముగిసినదని లోకులు తలంతురు. నిజమునకు పని అప్పుడే మొదలగును. దానికి అంకె వేయవలెను, భద్రపఱచవలెను, పరీక్షించి పనికి పంపవలెను, చెడిన బాగుచేయింపవలెను, కాలము తీరిన పిమ్మట తొలగింపవలెను. ఇంట ఒక్క నాగలి యున్న రైతునకు పద్దు పుస్తకముతో పనిలేదు. అతని కన్నే పద్దు. లక్షల యంత్రములు గల సంస్థకు పద్దే కన్ను. 2024వ సంవత్సరపు లోకసభ యెన్నికలలో 10.5 లక్షల పోలింగు కేంద్రములకు సుమారు 55 లక్షల యంత్రములు నియోగింపబడినవని ఎన్నికల సంఘము ప్రకటించినది. ఇన్నింటిలో నొక్కటి ఎచ్చటనున్నదో తెలియకపోయినను, ఆ యొక్కదానిని గూర్చిన సందేహము తక్కినవాని నన్నింటిని అంటుకొనును.

ఈ యంత్రముల చరిత్రమునందు మొదటి పాఠము చట్టమును గూర్చినది. 1982వ సంవత్సరమున కేరళదేశపు పరూరు నియోజకవర్గమున 50 కేంద్రములలో తొలిసారిగా యంత్రములతో వోట్లు వేయించిరి. యంత్రములు పనిచేసినవి. ఐనను, అట్లు వోట్లు గైకొనుటకు చట్టములో తావులేదని సుప్రీముకోర్టు 1984లో ఆ పోలింగును కొట్టివేసినది. ఆ కేంద్రములలో మరల కాగితపు వోట్లతో పోలింగు జరుపవలసివచ్చెను. 1988 డిసెంబరులో పార్లమెంటు చట్టమును సవరించినది. ఆ సవరణ 1989 మార్చి 15 నుండి అమలులోనికి వచ్చినది. పత్రము లేని భూమి యెంత సారవంతమైనను తగవులకే దారితీయునట్లు, ధర్మశాసనము లేని యంత్రము ఎంత చక్కనిదైనను నిలువజాలదు.

రెండవ పాఠము కాలమును గూర్చినది. 1989-90లో తయారైన యంత్రములు 1998 నవంబరు వఱకు శాసనసభల యెన్నికలలో పనికి రాలేదు. అప్పుడు మధ్యప్రదేశము, రాజస్థానము, ఢిల్లీలలోని 16 నియోజకవర్గములలో వానిని వినియోగించిరి. 2004లో దేశమందలి 543 లోకసభ స్థానములకును యంత్రములతోనే యెన్నిక జరిగినది. గాదెలో నున్న ధాన్యమునకును పురుగు పట్టునట్లు, గిడ్డంగిలోని యంత్రమునకును ఆయువు తఱుగును. వాడకున్నంత మాత్రమున అది క్రొత్తదిగా నుండిపోదు.

ఇక వీని జన్మస్థానములు రెండు. ఒకటి బెంగుళూరునందలి భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ. రెండవది మన హైదరాబాదునందు 1967లో అణుశక్తి శాఖ క్రింద స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఈ రెండును ప్రభుత్వ సంస్థలే. వోటరు నొక్కునది బ్యాలెట్ యూనిట్. అధికారి చెంత నుండి లెక్క దాచునది కంట్రోలు యూనిట్. వోటు ఎవరికి పడినదో 7 సెకండ్లు అద్దము వెనుక కాగితముపై చూపునది వీవీప్యాట్. ఇవి మూడును వేర్వేఱు ప్రాణులు. ఒక్కొక్కదానికి వేఱొకదానికి లేని అంకె యుండును. ఒక్కొక్కదానికి వేఱు జాతకము వ్రాయబడును.

ఆ జాతకమును నడుపుటకు ఎన్నికల సంఘము కంప్యూటరులో నొక పద్దు నేర్పఱచినది. యంత్రము ఒక జిల్లా నుండి మఱియొక జిల్లాకు పోవలెనన్న సంఘపు ఉత్తరువు కావలెను. బయలుదేరునప్పుడును, చేరినప్పుడును దానిపైనున్న గీతల గుఱుతును పరికరముతో చదివించి పద్దులో నెక్కింతురు. జిల్లా గిడ్డంగికి రెండు తాళములు. చెవులు ఇద్దఱు వేర్వేఱు అధికారుల వద్ద నుండును. రాజకీయపక్షముల వారికి ముందుగా తెలియజేసి, వారి యెదుటనే తలుపు తెఱతురు. ఏటేట యంత్రములను లెక్కించి పద్దుతో సరిచూతురు. దేవుని నగల పెట్టెకు రెండు తాళములు వేయు ఆచారము మన కెఱుకయే కదా! ఇద్దఱిలో నెవరినో అనుమానించుట దీని భావము కాదు. ఏ యొక్కరిపైనను అనుమానము రాకుండ కాపాడుటయే.

ఎన్నిక సమీపించినప్పుడు తొలి పరీక్ష జరుగును. తయారుచేసిన సంస్థ యింజనీర్లే వచ్చి, పక్షముల ప్రతినిధుల సమక్షమున ప్రతి యంత్రమును శుభ్రపఱచి పరీక్షింతురు. లోపమున్నదానిని వేఱుచేసి కర్మాగారమునకు పంపుదురు. స్థానికముగా ఎవరును దానిని విప్పరాదు. మంచివానికి గులాబిరంగు కాగితపు ముద్ర వేసి, దానిపై ప్రతినిధుల సంతకములు గైకొందురు. పిమ్మట ఏ యంత్రము ఏ నియోజకవర్గమునకు, ఏ కేంద్రమునకు పోవలెనో కంప్యూటరుచేత రెండుమార్లు చీట్లు తీయించినట్లు నిర్ణయింతురు. ఆ అంకెల పట్టికను అభ్యర్థుల కిత్తురు.

ఆ పట్టిక విలువ యెట్టిదో బడిపంతులుగా ఎన్నికల పనికి పోయినప్పుడు నేను చూచితిని. పోలింగునాటి యుదయమున ఏజెంట్ల యెదుట కనీసము 50 వోట్లతో నమూనా పోలింగు జరిపి, లెక్క చూపి, దానిని తుడిచివేయవలెను. ఏజెంట్లందఱును ఆ నమూనా వోట్లనే శ్రద్ధతో చూచుచుండిరి. ఒక వృద్ధ రైతు మాత్రము జేబులోని పట్టిక తీసి, యంత్రముపైనున్న అంకెతో ఒక్కొక్క అక్షరమును సరిచూచుకొనెను. “ఎందుకయ్యా అంత శ్రమ?” అని వేఱొకడు నవ్వగా, అతడు నావైపు తిరిగి, “పంతులుగారూ, సంతలో ఎద్దును బేరమాడి, ఇంటికి తోలుకొని వచ్చినది ఆ యెద్దేనా యని చూచుకొనమా?” అనెను. పెద్ద సంస్థల వ్యవహారశాస్త్రమంతయు ఆ యొక్క ప్రశ్నలో నిమిడియున్నది.

పద్దు ముందుచూపును గూడ నేర్పవలెను. 2019లో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. ఒక బ్యాలెట్ యూనిట్‌పై 16 పేర్లకే తావుండును. ‘పై వారెవరును కారు’ అను మీటతో గూడ 186 కాగా, ప్రతి కేంద్రమునను 12 యూనిట్లు వరుసగా కూర్పవలసివచ్చెను. పాత తరగతి యంత్రమునకు 4 యూనిట్లు మాత్రమే, అనగా 64 పేర్ల వఱకే, కూర్ప వీలగును. క్రొత్త తరగతికి 24 వఱకును వీలగును. ఏ తరగతివి ఎన్ని, ఎచ్చట నున్నవో పద్దు స్పష్టముగా లేకున్న, అట్టి అవసరము వచ్చినప్పుడు దిక్కుతోచదు.

పోలింగు ముగిసిన పిమ్మట యంత్రములను నాలుగు వర్గములుగా విభజింతురు: వోట్లు గలవి, వోట్లు పడిన పిదప చెడినవి, వోట్లు పడకమునుపే చెడినవి, వాడక మిగిలినవి. మొదటి రెండు వర్గములును సాయుధ రక్షణలో నుండును. వాడనివానిని వానితో కలిపి యుంచరాదు. ఫలితము వచ్చిన పిదపను వెంటనే విశ్రాంతి లేదు. ఎన్నికపై కోర్టులో అభ్యంతరము దాఖలు చేయుటకు 45 దినముల గడువు కలదు. అంతవఱకు వోట్లు గల యంత్రమును కదల్పరాదు. 2024 ఏప్రిల్ 26న సుప్రీముకోర్టు మఱియొక మార్గమును చూపినది. రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు ఫలితము వెలువడిన 7 దినములలోగా కోరినచో, ప్రతి శాసనసభా విభాగమున నూటి కైదు యంత్రముల జ్ఞాపకభాగమును ఇంజనీర్లచే పరీక్షింపజేయవచ్చును. ఖర్చు కోరినవారిది, మోసము తేలినచో ఆ సొమ్ము తిరిగి యిత్తురు.

యంత్రమునకు ఆయువు 15 సంవత్సరములు. అనగా సామాన్యముగా మూడు ఎన్నికల కాలము. లోకసభకును శాసనసభలకును ఒకేసారి ఎన్నికలు జరిపినచో, క్రొత్త యంత్రములకై 15 ఏండ్ల కొకమారు సుమారు 10,000 కోట్ల రూపాయలు కావలెనని ఎన్నికల సంఘము అంచనా వేసినట్లు 2024 జనవరిలో వార్తలు వెలువడినవి. 2006 వఱకు తయారైన మొదటి తరగతి యంత్రములు కడపటిసారిగా 2014 లోకసభ యెన్నికలలో పనిచేసినవి. ఆయువు తీరినవానిని పాతసామానుల వానికి అమ్మరు. నిర్ణీత విధానముననుసరించి నాశనము చేయింతురు. పుట్టుక పద్దులో నెక్కినట్లే తుదియును పద్దులో నెక్కవలెను. పద్దులో చనిపోయి బయట బ్రతికియున్న యంత్రము, బయట చనిపోయి పద్దులో బ్రతికియున్న యంత్రము — ఈ రెండును ప్రమాదకరములే.

యంత్రమును గూర్చి వాదములు దేశమున చిరకాలముగా నున్నవి, ఇకపైనను ఉండును. ఏ పక్షమున తీర్పు చెప్పుటయు ఈ ప్రసంగమునకు ఉద్దేశ్యము కాదు. నేను చెప్పదలచిన దొక్కటే. యంత్రము పెట్టెలోపల నేమున్నదో మనవంటివారము విప్పి చూడజాలము. కాని అది ఎచ్చట పుట్టినది, ఎవరి చేతులు మాఱినది, ఏ తాళముక్రింద నిదురించినది అను లెక్కను అక్షరము వచ్చిన ఎవరైనను చదువవచ్చును. నమ్మకమునకు ఆధారము ఆ లెక్కయే. కర్మాగారము నుండి కాటి వఱకు పోవు ఆ గొలుసులో నొక్క కొలికి మన గ్రామపు పోలింగు కేంద్రము. తక్కిన కొలుకులను అధికారులు పట్టుకొందురు. దీనిని పట్టుకొనవలసినవారము మనమే.

కావున మీ యూరి యువకులు ఏజెంట్లుగా కూర్చుండబోవునప్పుడు మీరు మూడు మాటలు చెప్పవలెనని కోరుచున్నాను. ఒకటి, యంత్రపు అంకెను పట్టికతో సరిచూచుకొనవలెను. రెండు, నమూనా పోలింగు ముగిసిన పిమ్మట లెక్క శూన్యమైనదని కన్నులార చూడవలెను. మూడు, సాయంకాలమున అధికారి సంతకముతో 17-సి పత్రపు ప్రతిని తప్పక గైకొనవలెను. యంత్రపు అంకెయు, పడిన వోట్ల మొత్తమును అందులో నుండును. లెక్కింపునాడు ఆ కాగితమే సాక్షి. తీఱిక లేదని దానిని విడిచివచ్చిన ఏజెంటు, పిమ్మట ఎంత బిగ్గరగా మాటలాడినను వినువారుండరు.