మూడు దొంగతనాలు - మూడు మహాచిత్రాలు

లోకంలో ఇంతవరకు వచ్చిన చలనచిత్రాలలో ఉత్తమోత్తమమైనది ఏది అని ప్రశ్నిస్తే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పుతారు. ఇంగ్లండులోని ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేండ్లకొకసారి విమర్శకుల అభిప్రాయాలు సేకరించి ఈ ప్రశ్నకు సమాధానం ప్రకటిస్తున్నది. 1952లో అగ్రస్థానం ఇటలీ చిత్రం ‘బైసికిల్ థీవ్స్’కు దక్కినది. 1962 మొదలు 2002 వరకు వరుసగా ఐదు పర్యాయాలు అమెరికా చిత్రం ‘సిటిజన్ కేన్’ ఆ స్థానాన్ని నిలుపుకొన్నది. 2012లో హిచ్‌కాక్ తీసిన ‘వర్టిగో’, 2022లో బెల్జియం దర్శకురాలు శాంతల్ అకర్మాన్ తీసిన ‘జాన్ డీల్‌మన్’ ఆ పీఠం అధిష్ఠించినవి.

ఈ తారతమ్యాలు కాలంతోబాటు మారుతూనే ఉంటవి. వాటిని గురించి వాదించుకోవడంలో వినోదమున్నదేగాని విద్యార్థికి కావలసిన ప్రశ్న వేరు. గొప్ప చిత్రాన్ని చూడడంవలన మనిషికి ఒనగూడేది ఏమిటి? కేవలం ప్రొద్దు పుచ్చడానికే అయితే గొప్ప చిత్రంతో పనిలేదు. ఏ చిత్రమైనా చాలును.

2022 నాటి నూరు చిత్రాల జాబితాలో మూడు చిత్రాలను ఒకచోట చేర్చి చూస్తే ఈ ప్రశ్నకు ఒక సమాధానం దొరుకుతుంది. ‘బైసికిల్ థీవ్స్’ 1948లో ఇటలీలోను, ‘పథేర్ పాంచాలీ’ 1955లో వంగదేశంలోను, ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ 1959లో ఫ్రాన్సులోను వెలువడినవి. దేశాలు వేరు, భాషలు వేరు, దర్శకుల స్వభావాలు వేరు. అయినా మూడింటి గర్భంలోను ఒక చిన్న దొంగతనం ఉన్నది. ఒకచోట సైకిలు, ఒకచోట పూసలదండ, ఒకచోట టైపుమిషను. పోలీసు దస్త్రంలో ఒక్కొక్కదానికి నాలుగు పంక్తులు చాలును. కాని ఈ చిత్రాలు చూచినవారు అటుపిమ్మట ‘దొంగ’ అనే మాటను మునుపటంత తేలికగా నోట పలుకలేరు.

దొరికితే దొంగ, దొరకకపోతే దొర అన్నది మన సామెత. దొరికిన క్షణాన్ని మాత్రమే లోకం చూస్తుంది. దానికి ముందున్నదాన్నీ, తరువాత వచ్చేదాన్నీ చూపించడమే ఈ చిత్రాలు చేసిన పని.

రోమ్ నగరంలో ఒక సైకిలు

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి రోమ్ నగరం. పనులు లేవు. అంటోనియో రిచ్చీ అనే నిరుద్యోగికి గోడలకు ప్రకటనలు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. షరతు ఒక్కటే: సైకిలు ఉండవలెను. అతని సైకిలు తాకట్టులో ఉన్నది. భార్య మరియా పడకమీది దుప్పట్లు తీసి, వాటిని తాకట్టుపెట్టి, సైకిలు విడిపిస్తుంది. ఆ దుప్పట్ల మూటను పట్టుకొని తాకట్టుకొట్టు గుమాస్తా అరలమీదుగా పైపైకి ఎక్కిపోతాడు. ఆ అరలనిండా అటువంటి మూటలే. ఒక ఇంటి కథ ఒక నగరపు కథ కావడానికి దర్శకుడు విట్టోరియో డి సికాకు ఆ ఒక్క దృశ్యం చాలినది.

పనిలో చేరిన మొదటిరోజుననే, ఒక సినిమాతార బొమ్మను గోడకు అంటిస్తూ ఉండగా, అంటోనియో సైకిలును ఎవడో యువకుడు ఎత్తుకొనిపోతాడు. ఆదివారమంతా తండ్రీ, చిన్న కొడుకు బ్రూనో, నగరమంతటా దానిని వెతుకుతారు. సంతలో ఎక్కడ చూచినా విడదీసిన చక్రాలు, గంటలు, చట్రాలు! పోయిన సైకిలు తయారీపేరు ‘ఫీదెస్’. లాటిను భాషలో ఆ మాటకు విశ్వాసమని అర్థం. ఎట్టకేలకు దొంగ కనబడుతాడు. వాని ఇరుగుపొరుగువారు అడ్డుపడుతారు. వాడు మూర్ఛవచ్చి నేలమీద పడుతాడు. పోలీసు వచ్చి సోదాచేస్తే ఆ ఇంట్లో లేమి తప్ప మరేమీ దొరకదు. ఇంత కష్టపెట్టిన దొంగను ద్వేషించడానికి ప్రేక్షకుడు సిద్ధంగా ఉంటాడు. కాని డి సికా ఆ దొంగ తల్లినీ, వారి ఇరుకు గదినీ చూపించి ఆ ద్వేషానికి నిలువ నీడ లేకుండ చేస్తాడు.

ఇక చివరి ఘట్టం. క్రీడామైదానం వెలుపల వందల సైకిళ్ళు బారులుతీరి ఉన్నవి. ఒక వీధిలో ఒక సైకిలు ఒంటరిగా గోడకు ఆనించి ఉన్నది. కొడుకును ట్రాములో ఇంటికి పొమ్మని పంపి, అంటోనియో ఆ సైకిలెక్కి పారిపోతాడు. జనం వెంటబడి పట్టుకొంటారు, కొట్టుతారు. బ్రూనోకు ట్రాము దాటిపోయినది. తండ్రి దొంగగా పట్టుబడడం వాడు కళ్ళారా చూస్తాడు. నేలబడ్డ టోపీని తీసి పట్టుకొని, ఏడుస్తూ జనంలో నిలబడిన ఆ పసివాణ్ణి సైకిలు యజమాని చూస్తాడు. చూచి, ఫిర్యాదు వద్దని అంటోనియోను వదలిపెట్టుతాడు.

ఆ యజమానికి అంటోనియో కథ తెలియదు. దుప్పట్ల సంగతీ, ఆదివారపు వెతుకులాటా అతడెరుగడు. అతడు చూచినది ఒక బిడ్డ ముఖాన్ని మాత్రమే. గంటన్నరసేపు చిత్రం చూచిన ప్రేక్షకునికి అబ్బిన దృష్టి అతనికి ఒక్క క్షణంలో అబ్బినది. ఆ తరువాత తండ్రి సిగ్గుతో కన్నీరు కార్చుతూ నడుస్తాడు. బ్రూనో తన చేతిని ఆయన చేతిలో పెట్టుతాడు.

అంటోనియో పాత్ర ధరించిన లాంబెర్టో మజ్జోరాని నటుడు కాడు, కర్మాగారంలో పనివాడు. పేరుమోసిన నటుణ్ణి పెట్టుకొంటే ధనమిస్తామని అమెరికానుంచి పిలుపువచ్చినా డి సికా అంగీకరించలేదు. వీధిలో నూరుమందిలో ఒకడుగా కలిసిపోగల ముఖమే ఆ కథకు కావలెను. ప్రసిద్ధ నటుడు దొంగతనం చేస్తే నటన అనిపిస్తుంది. పొరుగింటివానివంటివాడు చేస్తే గుండె దడదడలాడుతుంది.

వంగపల్లెలో ఒక పూసలదండ

1950లో కలకత్తానుంచి ఒక ప్రకటనల సంస్థ ఉద్యోగి పనిమీద లండను వెళ్ళినాడు. అక్కడ ఉన్న నెలలలో నూరుదాకా చిత్రాలు చూచినాడు. వానిలో ‘బైసికిల్ థీవ్స్’ ఒకటి. నటులు కానివారితో, నిజమైన వీధులలో, కొద్దిపాటి ధనంతో మహాచిత్రం తీయవచ్చునన్న ధైర్యం ఆయనకు ఆనాడు కలిగినది. ఆయనే సత్యజిత్ రే. తిరుగు ప్రయాణంలో ఓడమీదనే ఆయన బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలీ’కి చిత్రరూపాన్ని కాగితంమీద పెట్టసాగినాడు.

1952లో భారతదేశంలో ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో ప్రారంభమై, పిమ్మట మద్రాసు మొదలైన నగరాలకు కూడ వచ్చినది. డి సికా చిత్రం ఆ ఉత్సవంలో ప్రదర్శితమైనది. మన ‘పాతాళభైరవి’ కూడ ఆ ఉత్సవంలోనే చోటు సంపాదించినది. ఆ సంవత్సరమే రే తన చిత్రానికి కెమెరా పట్టించినాడు. ధనం చాలక పనులు ఎన్నోసార్లు ఆగినవి. భార్య నగలు కూడ తాకట్టు పెట్టవలసి వచ్చినది. చివరకు పశ్చిమ వంగ ప్రభుత్వం సాయపడగా 1955లో చిత్రం పూర్తయినది. మరుసటి ఏడు కాన్ ఉత్సవంలో మానవజీవితానికి ఉత్తమ సాక్ష్యమని బహుమానం పొందినది.

నిశ్చిందిపురమనే పల్లెలో హరిహరుడనే పేద పురోహితుడు, భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపు. పొరుగింటి పిల్ల పూసలదండ పోయినది. దుర్గ తీసినదని పొరుగావిడ వాకిట నిలబడి అరుస్తుంది. దుర్గ తీయలేదంటుంది. అవమానం భరించలేక సర్వజయ కూతురును కొట్టి, జుట్టుపట్టి బయటికి ఈడుస్తుంది. తరువాత ఆ తల్లే కూలబడి ఏడుస్తుంది. దండ తీసినదా లేదా అన్నది అక్కడ తేలదు.

కొంతకాలానికి వానలో తడిసిన దుర్గ జ్వరంతో కన్నుమూస్తుంది. తండ్రి పట్టణంనుంచి కూతురుకు చీర తెచ్చి ఇస్తాడు. అంతవరకు రాయివలె ఉన్న సర్వజయ అప్పుడు బోరున ఏడుస్తుంది. కాని తెరమీద ఆమె గొంతు వినబడదు. వాద్యం ఒక్కటే ఆమె దుఃఖాన్ని పలుకుతుంది.

ఇల్లు వదలి వెళ్ళేటప్పుడు అపు అటకమీది చిప్పనొకదాన్ని దింపుతాడు. అందులోనుంచి ఒక సాలెపురుగు, దానితోబాటు ఆ పూసలదండ! అక్క అబద్ధం చెప్పినదని ఆ పిల్లవానికి తెలిసిపోయినది. వాడు ఎవరికీ చెప్పడు. పరుగున వెళ్ళి దండను చెరువులో విసిరివేస్తాడు. నీటిమీది నాచు విడివడి, మెల్లమెల్లగా మళ్ళీ మూసుకొంటుంది. ఒక్క మాట లేదు. తీర్పు చెప్పే హక్కు చేతికి వచ్చిన క్షణంలో ఒక పసివాడు దానిని వదలివేసినాడు.

పారిస్‌లో ఒక టైపుమిషను

మూడవ చిత్రం ఉపాధ్యాయులు ముఖ్యంగా చూడదగినది. ఫ్రాంస్వా ట్రుఫో తన ఇరువదియేడవ ఏట తీసిన ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ తరగతిగదిలోనే మొదలవుతుంది. పిల్లలందరి చేతులూ మారిన ఒక బొమ్మ ఆంత్వాన్ దగ్గరకు రాగానే పట్టుబడుతుంది. శిక్ష వానికే. వాడు నిర్దోషి అని చిత్రం చెప్పదు. బడి ఎగగొట్టి, ఎందుకు రాలేదంటే తల్లి చనిపోయినదని బొంకుతాడు. అయితే అదే పిల్లవాడు బాల్జాక్ రచనలు చదివి మైమరచి, ఆ మహారచయిత పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తాడు. ఆయన మాటలే నెమరు వేసుకొని వ్యాసం వ్రాస్తే, ఉపాధ్యాయుడు కాపీకొట్టినావని బయటికి పంపుతాడు. వానికి తెలిసిన ఒక్క ప్రేమ కూడ నేరమే అయినది.

ఇల్లు విడిచి తిరుగుతూ వాడు మారుతండ్రి కార్యాలయంనుంచి టైపుమిషను దొంగిలిస్తాడు. అమ్ముడుపోదు. తిరిగి అక్కడే పెట్టివద్దామని వెళ్ళినప్పుడు పట్టుబడుతాడు! మారుతండ్రే పోలీసులకు అప్పగిస్తాడు. రాత్రివేళ ఖైదీల బండిలో, ఇనుప ఊచల వెనుకనుంచి వాడు పారిస్ దీపాలను చూస్తాడు, చెంపలమీద కన్నీరు. బాలనేరస్థుల శిబిరంనుంచి తప్పించుకొని, ఎన్నడూ చూడని సముద్రం దాకా పరుగెత్తుతాడు. అలలలో అడుగుపెట్టి, వెనుదిరిగి, నేరుగా ప్రేక్షకుని కళ్ళలోకి చూస్తాడు. బొమ్మ అట్లాగే నిలిచిపోతుంది. చిత్రం సమాప్తం.

ట్రుఫోకు ఈ కథ పుస్తకాలలో దొరికినది కాదు. ఆయన కూడ బాల్యంలో అటువంటి శిబిరంలో ఉన్నవాడే. ఆయనను చేరదీసి దారికి తెచ్చినవాడు చలనచిత్ర విమర్శకుడు ఆంద్రే బజాన్. ఈ బజాన్ ఉపాధ్యాయుడు కావలెనని చదివి, నత్తి కారణంగా ఆ వృత్తికి దూరమైనవాడు. ‘బైసికిల్ థీవ్స్’ గొప్పతనాన్ని వివరించి వ్రాసిన తొలివారిలో ఆయన ఒకడు. తరగతిగది దొరకని ఆ ఉపాధ్యాయుడు ఒక్క శిష్యునికి చూడడం నేర్పినాడు. 1958 నవంబరులో ట్రుఫో చిత్రీకరణ ప్రారంభించిన వెంటనే బజాన్ మరణించినాడు. చిత్రం ఆయనకే అంకితమైనది. 1959లో కాన్ ఉత్సవంలో ట్రుఫోకు ఉత్తమ దర్శకుని బహుమానం వచ్చినది.

నేరమూ మనిషీ

ఈ చిత్రాలు దొంగతనాన్ని సమర్థిస్తున్నవా అని సందేహం కలుగవచ్చును. పిల్లలకు వీనిని చూపించబోయే ఉపాధ్యాయునికి ఆ సందేహం కలగడం న్యాయమే. కాని అంటోనియో కన్నీరు సిగ్గువలన వచ్చినది. తప్పు కానిదానికి ఎవరూ సిగ్గుపడరు. తప్పు కాదనుకొంటే అపు ఆ దండను నీటిలో దాచనక్కరలేదు. మిషను తిరిగి పెట్టడానికి ఆంత్వాన్ వెళ్ళనక్కరలేదు. మూడు చిత్రాలూ తప్పును తప్పుగానే చూపుతవి. ఆ తప్పే మనిషి సర్వస్వమని ఒప్పుకోవు. అంతే భేదం.

ఈ మాట గ్రంథాలలో చదువవచ్చును, ఉపన్యాసాలలో వినవచ్చును. అయితే మూడు చిత్రాలలోను ప్రాణమైన క్షణం మాటలు లేనిది. యజమాని ఒక బిడ్డను చూచిన చూపు, మూసుకొంటున్న నాచు, మనవైపు తిరిగిన ఒక ముఖం. ఇది చలనచిత్రానికి మాత్రమే సాధ్యమైన బోధ. చెప్పినమాట మరచిపోవచ్చును, చూచిన ముఖం వెంటాడుతుంది.

‘పథేర్ పాంచాలీ’ మూలప్రతి 1993లో లండనులో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి చెడిపోగా, నిపుణులు ఎంతో శ్రమించి 2015 నాటికి దానిని పునరుద్ధరించినారు. తక్కిన రెండింటికీ మంచి ప్రతులు లభిస్తున్నవి. మూడింటిలోను రంగులు లేవు, యుద్ధాలు లేవు. భాష తెలియకున్నా అడుగున వచ్చే అక్షరాల సాయంతో కథ అర్థమవుతుంది. విద్యార్థులు వానిని చూచేటప్పుడు తరువాత ఏమి జరుగుతుందన్న ఆత్రం కాస్త తగ్గించుకొని, ప్రతి దృశ్యంలో ఎవరు ఎవరిని చూస్తున్నారో గమనిస్తే చాలును. మిగిలినదంతా చిత్రమే నేర్పుతుంది.

ఏ బడిలోనైనా ఒకనాడు ఒక కలమో, కొద్దిపాటి డబ్బో పోక మానదు. నలుబదిమంది పిల్లల ఎదుట ఒకడు తలవంచుకొని నిలబడక మానడు. అప్పుడు గురువు నోట ఏ మాట వస్తుందో, తోటిపిల్లలు వానిని ఏ కంటితో చూస్తారో, దానినిబట్టి ఒక జీవితం మలుపు తిరగవచ్చును. బజాన్ చూచిన కంట ట్రుఫో కళాకారుడైనాడు. ఆ సైకిలు యజమానివలె ఒక్క క్షణం ఆగి, ఎదుటివాని ముఖంలోకి చూడగలిగితే, గొప్ప చిత్రాలు చూచిన ఫలం దక్కినట్లే.