ఏడీ అంటే ఆదోని

ఆదోని స్టేషన్‌లో పసుప్పచ్చ బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లో నిండుగా కనిపిస్తుంది. రైల్వే కంప్యూటర్‌లోకి వెళ్లేసరికి అదే పేరు రెండక్షరాలైపోతుంది: ఏడీ. అటు గుంతకల్లు జీటీఎల్, ఇటు మంత్రాలయం రోడ్ ఎంఏఎల్ఎం, ఆ పైన రాయచూరు ఆర్‌సీ. టికెట్ మీదా, ఫోన్‌లోని యాప్‌లోనూ ఈ పొడి అక్షరాలదే రాజ్యం.

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ జనం మాట మాత్రం వేరు. వాళ్లు పన్నెండు వేల ఆరువందల ఎంతో నంబరు బండి గురించి అడగరు. "కేకే వచ్చిందా?" అని అడుగుతారు.

కేకే అంటే బెంగళూరు నుంచి ఢిల్లీ వెళ్లే కర్ణాటక ఎక్స్‌ప్రెస్. ఈ పేరులో రెండో 'కె' ఎక్కడిదని కొత్తవాళ్లకు అనుమానం రావడం సహజం. ఒకప్పుడు ఇది కేరళ, కర్ణాటక రెండింటికీ కలిపి నడిపిన బండి. అప్పటి పూర్తి పేరు కేరళ–కర్ణాటక ఎక్స్‌ప్రెస్. తర్వాత కేరళకు వేరే బండి, కర్ణాటకకు వేరే బండి వచ్చాయి. బోర్డు మీద పేరు మారింది, జనం నోట్లో మాత్రం రెండు 'కె'లూ అలాగే ఉండిపోయాయి. ఆ రోజులు చూడని పిల్లలు కూడా ఇవాళ కేకే అనే అంటున్నారు. చెన్నై నుంచి ముంబై వెళ్లే మెయిలుదీ ఇదే కథ. ఆ రెండు నగరాలూ పేర్లు మార్చుకుని పాతికేళ్లు దాటినా, ఈ దారిలోని పెద్దవాళ్లకు అది ఇంకా బొంబాయి మెయిలే.

ఇవే రెండక్షరాలు విశాఖపట్నంలో పలికితే అర్థం మారిపోతుంది. అక్కడ కేకే అంటే రైలు కాదు, రైలు మార్గం. కొత్తవలస నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా, ఇనుప ఖనిజం మోయడానికి కొండల్ని తొలిచి 58 సొరంగాలతో వేసిన దారి అది. కాగితాల మీద ఆ నిర్మాణానికి దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు అని పొడవాటి పేరుంది. అరకు వెళ్లే పర్యాటకుడికి దాంతో పనేముంది? రెండు కొసల్లోని ఊళ్ల మొదటి అక్షరాలు తీసుకుంటే కేకే లైన్ అయింది, అదే నిలిచింది. పలకడానికి తేలిక, చెవికి ఇంపు, మరిచిపోవడం కష్టం. ముద్దు పేరు నిలబడటానికి ఈ మూడూ చాలు.

స్టేషన్లకు పొడి అక్షరాలు కంప్యూటర్ తెచ్చిపెట్టినవి కావు. అవి తంతి కాలం నాటివి. మద్రాసు రైల్వే వాయవ్య దిశగా ఈ నేల మీదుగా సాగి, బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేను రాయచూరులో కలిసింది 1871లో. అప్పట్లో ఒక స్టేషన్ మాట ఇంకో స్టేషన్‌కు చేరాలంటే మోర్స్ కోడే దిక్కు. ప్రతి అక్షరాన్నీ చుక్కలుగా, గీతలుగా కొట్టాలి. ఇంగ్లిష్‌లో ఆదోని అని పూర్తిగా కొట్టాలంటే పన్నెండు దెబ్బలు పడతాయి. ఏడీ అంటే ఐదే: చుక్క, గీత, గీత, చుక్క, చుక్క. రోజుకు వందలసార్లు పేర్లు కొట్టే చేతికి ఆ ఏడు దెబ్బలు మిగలడం చిన్న విషయం కాదు.

అలా పుట్టిన కోడ్‌లు ఊళ్ల పాత పేర్లను ఇప్పటికీ మోస్తున్నాయి. విజయవాడ కోడ్ బీజెడ్ఏ, అంటే బెజవాడ. కాకినాడ పోర్టుది సీఓఏ, తెల్లవాళ్లు పలికిన కోకనాడ. శ్రీకాకుళం రోడ్‌ది సీహెచ్ఈ, అంటే చికాకోల్. చెన్నై సెంట్రల్ ఈనాటికీ ఎంఏఎస్, అంటే మద్రాసు. కడప అయితే మరీ విచిత్రం, దాని కోడ్ హెచ్ఎక్స్. ఊరి ఇప్పటి పేరులో లేని రెండక్షరాలు ఊరికి గుర్తయ్యాయి.

అక్షరాలతో ఒక చిక్కుంది. రాస్తే స్పష్టంగానే ఉంటాయి, పలికితేనే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇంగ్లిష్‌లో బీ, డీ, ఈ, పీ, టీ అన్నీ చివర 'ఈ' అనే సాగుతాయి. రైలు మోత మధ్య, టీ అమ్మేవాళ్ల కేకల మధ్య మైకులో బీ అన్నారో డీ అన్నారో పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే. బీ-1 అంటే ఏసీ త్రీటైర్ పెట్టె. డీ-1 అంటే కూర్చుని వెళ్లే సెకండ్ క్లాసు పెట్టె. బండికి రెండూ ఉంటే ఒకటి ముందు, ఇంకొకటి వెనక ఉండొచ్చు. బండి ఆగేది రెండు మూడు నిమిషాలు. నెత్తిన మూట, చంకలో బిడ్డతో ఉన్న మనిషికి ఆ ఒక్క అక్షరం తప్పు వినపడితే ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగే.

ఈ చిక్కు ముందుగా ప్రాణాల మీదికి తెచ్చింది యుద్ధాల్లోనూ విమానాల్లోనూ. అందుకే ప్రతి అక్షరానికీ ఒక పూర్తి మాటను తోడిచ్చారు. ఏ అంటే ఆల్ఫా, బీ అంటే బ్రేవో, సీ అంటే చార్లీ, డీ అంటే డెల్టా. ఇంగ్లిష్, ఫ్రెంచి, స్పానిష్ మాట్లాడేవాళ్లు పలికినా విన్నా పొరపాటు పడని మాటలను పరీక్షించి మరీ ఎంచారు. 1956 మార్చి 1 నుంచి ప్రపంచమంతటా పౌర విమానయానంలో ఈ వర్ణమాల అమల్లోకి వచ్చింది. ఆ లెక్కన మన ఏడీ పైలట్ నోట్లో "ఆల్ఫా డెల్టా" అవుతుంది. అంకెల్నీ వదల్లేదు. ఇంగ్లిష్‌లో ఐదూ తొమ్మిదీ ఒకేలా వినిపిస్తాయని, తొమ్మిదిని 'నైనర్' అని సాగదీసి పలకమన్నారు.

మన రైల్వేలోనూ చెవి మీద అంత నమ్మకం పెట్టుకోరు. పాత పద్ధతిలో పనిచేసే సెక్షన్లలో ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌కు, బండి పంపొచ్చని ఫోన్లో లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు మాటతో సరిపెట్టడు. తన దగ్గరున్న పుస్తకంలోంచి ఒక రెండంకెల ప్రైవేట్ నంబరు కూడా చెబుతాడు. అవతలివారు దాన్ని రాసుకుని తిరిగి చెబుతారు. విన్నదీ అన్నదీ ఒకటేనని తేలాకే బండి కదులుతుంది.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఆదోనికి దగ్గర్లోని ఎమ్మిగనూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. మగ్గాల ఊరంటే దూరాభారాలకు సరుకు పంపే ఊరు. పక్క రాష్ట్రంలోని దుకాణానికి ఫోన్లో చిరునామా చెప్పాలి. ఊరి పేరు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టడమే ఒక చిక్కు, కొందరు 'వై'తో రాస్తారు, కొందరు నేరుగా 'ఇ'తో రాస్తారు. ఆ తర్వాత వరసగా రెండు 'ఎం'లు, కాస్త ఆగి ఒక 'ఎన్'. ఫోన్లో ఎం, ఎన్ కవల పిల్లలు. అందుకే చెప్పేవాళ్లు ఒక్కో అక్షరాన్నీ పట్టి పట్టి అప్పజెబుతారు: "ఎం ఫర్ మ్యాంగో, ఇంకో ఎం ఫర్ మ్యాంగో, ఐ ఫర్ ఇంక్, జీ ఫర్ గర్ల్, ఏ ఫర్ ఆపిల్, ఎన్ ఫర్ నెట్..." ఆల్ఫా, బ్రేవో ఎవరూ నేర్పలేదు. ఒకటో తరగతిలో గోడ మీది చార్టులో చూసిన ఆపిల్, మామిడిపండు జీవితాంతం ఇలా అక్కరకొస్తున్నాయి.

అదే పేరు తెలుగులో చెప్పాల్సి వస్తే ఇన్ని తిప్పలు లేవు. తెలుగు బడిలో అక్షరాన్ని నేర్పడమే బొమ్మగా నేర్పారు. మకు గుడి ఇస్తే మి, కింద మావత్తు. నకు కొమ్ము దీర్ఘం ఇస్తే నూ. రకు కొమ్ము ఇస్తే రు. ఆదోని అయితే దకు ఓత్వం, నకు గుడి. తలకట్టు, గుడి, కొమ్ము, సున్నా: ఒకదాని పేరు ఇంకోదానిలా వినిపించదు, ప్రతి పేరూ కంటి ముందు ఒక ఆకారాన్ని నిలబెడుతుంది. ఇప్పుడు వాడకం తగ్గిన ఱ అక్షరానికి బండి ర అని పేరుంది. విమానాలవాళ్లు పరిశోధన చేసి సాధించుకున్న సౌకర్యం తెలుగు గుణింతంలో పలకా బలపం నాటి నుంచే ఉంది.

ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు హైదరాబాద్, బెంగళూరు వైపు. అలా మహానగరంలో దిగినవాళ్లకు అక్షరాలు మళ్లీ ఎదురవుతాయి. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు 2003 ఆగస్టు 9న మొదలయ్యాయి. వాటి పేర్లే అక్షరాలు. ఎఫ్ఎల్ అంటే ఫలక్‌నుమా నుంచి లింగంపల్లికి, ఎల్ఎఫ్ అంటే లింగంపల్లి నుంచి ఫలక్‌నుమాకు. హెచ్ఎల్, ఎల్‌హెచ్‌లు నాంపల్లిలోని హైదరాబాద్ స్టేషన్‌కూ లింగంపల్లికీ మధ్య తిరుగుతాయి. ముందున్న అక్షరం బయల్దేరే చోటు, వెనకున్నది చేరే చోటు. కిటుకు తెలిస్తే ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. తెలియకపోతే ఒక్క అక్షరం తారుమారై ఎక్కాల్సిన దిక్కుకు ఎదురు దిక్కున తేలాల్సిందే.

2017 నవంబరులో మొదలైన మెట్రో ఈ అక్షరాలను పక్కనపెట్టి రంగులు తెచ్చుకుంది. మియాపూర్–ఎల్బీనగర్ ఎరుపు, నాగోలు–రాయదుర్గం నీలం, 2020 ఫిబ్రవరిలో తెరిచిన జేబీఎస్–ఎంజీబీఎస్ ఆకుపచ్చ. చదువు రానివాళ్లు కూడా రంగును పోల్చుకోగలరు, అది నిజంగా మంచి ఆలోచన. అయినా దారి అడిగినవాళ్లకు నగరవాసి చెప్పేది ఎక్కువగా "ఎల్బీనగర్ మెట్రో ఎక్కండి" అనే. రంగు కన్నా ఊరి పేరే నోటికి దగ్గర.

ఇదే నగరంలో ఆదోని మనిషికి ఎంతో ఆత్మీయంగా తోచే అక్షరాలు వాహనాల నంబరు పలకల మీద ఉంటాయి. ఏపీ 21 అంటే కర్నూలు జిల్లా. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరస వచ్చాక కొత్త బండ్లకు ఆ గుర్తు లేదు. పాత బండి ఏదైనా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఏపీ 21తో ఆగితే మాత్రం ప్రాణం లేచి వస్తుంది, మనూరి బండి అనిపిస్తుంది. ఈ పలకల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వరస అక్షరాల్లో ఐ, ఓ రెండూ వాడరు. ఒకటిలా, సున్నాలా కనబడతాయని.

న్యూయార్క్ సబ్‌వేలోనూ రైళ్లకు ఐ, ఓ అక్షరాలు లేవు. అక్కడి లైన్ల పేర్లన్నీ ఏ, సీ, ఈ లాంటి అక్షరాలు, లేదా అంకెలు. ప్రయాణికులు ఆ అక్షరాలను ఊరికే వదల్లేదు. 'ఎన్' రైలు అంటే ఎన్నటికీ రానిదని, 'ఆర్' అంటే అరుదుగా వచ్చేదని ఇంగ్లిష్ మాటలతో అర్థాలు అల్లుకున్నారు. ఎదురుచూపులో పుట్టిన పేర్లవి. 7 నంబరు రైలుకు మాత్రం గౌరవమైన పేరు దక్కింది, ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్ అని. క్వీన్స్ ప్రాంతంలో దేశదేశాల వలస కుటుంబాలు ఉండే పేటలెన్నిటినో కలుపుతూ పోతుంది కాబట్టి. ఆ రైలు చివరి మజిలీ ఫ్లషింగ్. 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి దేవాలయం ఉన్నది ఆ ఫ్లషింగ్‌లోనే. అమెరికాలోని తెలుగువాళ్లకు బాగా తెలిసిన గుడి అది.

లండన్‌లో అయితే ముద్దు పేరే అధికారిక పేరైంది. 1906 మార్చిలో బేకర్ స్ట్రీట్ అండ్ వాటర్లూ రైల్వే అనే లైన్ మొదలైంది. అంత పొడవు ఎవరు పలుకుతారు? ఒక సాయంకాలపు పత్రికలో వ్యాసకర్త రెండు పేర్లనూ అతికి బేకర్‌లూ అన్నాడు. కొందరు పెద్దమనుషులు ముఖం చిట్లించినా, కొద్ది నెలల్లోనే కంపెనీ ఆ పేరునే స్వీకరించింది. నూరేళ్లు దాటాక అదే నగరం ఇంకో పాఠం నేర్చుకుంది. ఓవర్‌గ్రౌండ్ రైళ్లలో ఆరు వేర్వేరు దారులకు ఒకే పేరు, ఒకే నారింజ రంగు ఉండటంతో జనం తికమక పడేవాళ్లు. 2024లో ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో రంగు ఇచ్చారు. వాటిలో వీవర్ లైన్ ఒకటి. వీవర్ అంటే నేతగాడు. ఆ దారి వెళ్లే పేటల్లో ఒకప్పుడు మగ్గాలు ఆడేవి, ఆ గుర్తుకు పెట్టిన పేరది.

మగ్గాల ఊరైన ఎమ్మిగనూరుకు మాత్రం నేటికీ రైలు లేదు. రైలెక్కాలంటే ముప్పై కిలోమీటర్ల లోపున్న ఆదోనికి రావాలి, లేదంటే మంత్రాలయం రోడ్‌కు పోవాలి. ఆ స్టేషన్ పేరులోని 'రోడ్' కూడా రైల్వే భాషే. ఊరు ఇక్కడ కాదు, ఊరికి దారి ఇక్కడి నుంచి అని దానర్థం. రాఘవేంద్రస్వామి మఠం అక్కడికి పది కిలోమీటర్లకు పైనే ఉంటుంది. శ్రీకాకుళం రోడ్ అనే పేరూ అలాంటిదే, ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో.

మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు రైలు మార్గం కావాలని ఇక్కడివాళ్లు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. పట్టాలు పడలేదు, స్టేషన్ కట్టలేదు, ఊరికి కోడ్ అక్షరాలూ రాలేదు. పేరు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. ఎన్నికల సభల్లో, టీ కొట్ల దగ్గర అందరూ దాన్ని "మంత్రాలయం–కర్నూలు లైన్" అనే అంటారు, ఎదురుగా కనబడుతున్నట్టే. అది నిజంగా వచ్చిన రోజున ఎమ్మిగనూరుకు కోడ్ కావాలి కదా. 'వై'తో మొదలుపెట్టాలా, 'ఇ'తోనా అన్నది అప్పుడు తేల్చుకోవాలి.